నోబుల్స్ గొంతెమ్మ కోరికలు: డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ ఆడేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

డ్వార్ఫ్‌లనే మరుగుజ్జుల చేత కోట కట్టించి నడిపే కంప్యూటర్ ఆట డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ మొదటిసారి 2006లో బయటికొచ్చింది. బొమ్మలతో కూడిన స్టీమ్ వెర్షన్ 2022 డిసెంబరు 6న విడుదలయ్యాక కొత్తవాళ్లు చాలామంది చేరారు. వాళ్లందరికీ కోటలో జనాభా పెరగగానే ఎదురయ్యే మొదటి తలనొప్పి నోబుల్స్, అంటే కోటలో పదవులున్న పెద్దలు. అడిగిందే అడుగుతారు, ఇవ్వకపోతే ముఖం మాడ్చుకుంటారు, చివరికి శిక్ష పడేది ఏ పాపం ఎరగని పనివాడికి. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. మీరు ఏ దశలో ఉంటే ఆ భాగం చూసుకోండి, వరసగా చదవాల్సిన పని లేదు.

## కోట మొదలుపెట్టే దశలో

నోబుల్స్ అందరూ ఇలాగే సతాయిస్తారా?

లేదు. ఆటలో నోబుల్స్ జాబితాలో కనపడేవాళ్లలో సగం మంది ఉద్యోగులే. మేనేజర్, బుక్‌కీపర్ ఇద్దరికీ పేరుకి ఒక ఆఫీసు ఉంటే చాలు, ఒక మూల కుర్చీ వేసి ఆఫీసు జోన్ గీసినా సరిపోతుంది. బేరాలాడే బ్రోకర్, వైద్యం చూసుకునే చీఫ్ మెడికల్ డ్వార్ఫ్ ఏమీ అడగరు. వీళ్లెవరూ మాండేట్లు (కోటకి హుకుంలు) జారీ చేయరు. అసలు ఇబ్బంది మేయర్‌తో మొదలై బ్యారన్, కౌంట్, డ్యూక్ మీదుగా రాజు లేదా రాణి దాకా పెరుగుతుంది. పదవి పెద్దదయ్యేకొద్దీ గదుల దర్జా, సామాను లెక్క, కోరికల సంఖ్య పెరుగుతాయి.

మాండేట్‌కీ డిమాండ్‌కీ తేడా ఏంటి?

డిమాండ్ సొంత సుఖం కోసం. "నా భోజనాల గదిలో ఫలానా వస్తువు ఉండాలి" అని అడుగుతారు. అది పెట్టకపోతే ఆ నోబుల్ మనసు పాడవుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. మాండేట్ మాత్రం కోట మొత్తానికి జారీ చేసే హుకుం. ఇందులో రెండు రకాలు: ఫలానా వస్తువులు ఇన్ని తయారుచేయాలి అనేది ఒకటి, ఫలానా వస్తువు బయటికి అమ్మకూడదు అనేది రెండోది. మాండేట్ తప్పితే అది నేరంగా నమోదవుతుంది, ఎవరో ఒకరు శిక్ష అనుభవించాలి. కాబట్టి రెండూ ఒకేసారి వచ్చినప్పుడు మాండేట్ సంగతి ముందు చూడండి. డిమాండ్ కొన్నాళ్లు ఆగినా మునిగిపోయేది లేదు.

వీళ్ల కోరికలు ఎక్కణ్ణుంచి పుడతాయి? అంతా లాటరీయేనా?

కాదు, ఇది అర్థమైతే సగం టెన్షన్ తగ్గినట్టే. ప్రతి డ్వార్ఫ్‌కీ పుట్టుకతో కొన్ని ఇష్టాలు ఉంటాయి: ఒక లోహం, ఒక రాయి, ఒక రత్నం, ఒకట్రెండు రకాల వస్తువులు, ఇలా. పదవి వచ్చాక వాడు అడిగేవి ఆ ఇష్టాల్లోంచే వస్తాయి. కవచాలంటే ఇష్టమున్న మేయర్ కవచాలు చేయమంటాడు, లేదా కవచాల ఎగుమతి ఆపేస్తాడు. ఉంగరాలంటే ప్రాణమున్న వాడు ఉంగరాల వెంట పడతాడు. ఏ నెలలో ఏది అడుగుతాడనేది ముందే చెప్పలేం గానీ, ఏవేవి అడిగే అవకాశముందో పదవి ఇవ్వకముందే తెలిసిపోతుంది.

డ్వార్ఫ్ మీద క్లిక్ చేసి, వ్యక్తిత్వానికి సంబంధించిన ట్యాబ్‌లో ఇష్టాల భాగం తెరిస్తే జాబితా అంతా కనపడుతుంది. వందమంది జాబితా ఒకేచోట చూడాలంటే డ్వార్ఫ్ థెరపిస్ట్ అనే బయటి సాధనం బాగా పనికొస్తుంది. నోబుల్‌ని దారిలో పెట్టడం కంటే, దారిలో ఉండేవాణ్ణి నోబుల్‌గా ఎంచుకోవడం ఎన్నో రెట్లు సులువని నా గట్టి నమ్మకం.

ఎంబార్క్ (కోట కట్టడానికి బయల్దేరే దశ) దగ్గరే మంచి మేయర్‌ని సిద్ధం చేసుకోవచ్చా?

చాలావరకు చేసుకోవచ్చు. మొదటి ఏడుగురి ఇష్టాలు బయల్దేరకముందే చదవండి. అందులో రాయి, కలప, ఇనుము లాంటి ఎక్కడైనా దొరికే పదార్థాలు, బకెట్, తలుపు, డాలు లాంటి మామూలు వస్తువులు ఇష్టపడేవాణ్ణి ఒకణ్ణి ఎంచుకోండి. వాడికి మాటకారితనానికి సంబంధించిన నైపుణ్యాల్లో కొన్ని పాయింట్లు పెట్టండి. ఎన్నికల్లో గెలవడానికి స్నేహాలు, మాటకారితనం రెండూ కలిసొస్తాయి. అయితే మీ ఏకైక కమ్మరినో, ఏకైక వైద్యుణ్ణో దీనికి వాడకండి. మేయర్ అయ్యాక దిగులు పడ్డ ప్రతి ఒక్కరూ వచ్చి వాడి దగ్గర గోడు వెళ్లబోసుకుంటారు, ఆ సమావేశాలకే బోలెడు సమయం పోతుంది.

## మేయర్ వచ్చాక

మేయర్‌ని నేనే నియమించుకోవచ్చా?

మామూలు ఆటలో కుదరదు. జనాభా 50కి చేరగానే ఎక్స్‌పెడిషన్ లీడర్ (మొదటి బృందం నాయకుడు) పదవి పోయి, ఎన్నిక ద్వారా మేయర్ వస్తాడు. ఓటు వేసేది డ్వార్ఫ్‌లు, మీరు కాదు. మీ చేతిలో ఉన్నది వాతావరణం. మీకు కావలసిన అభ్యర్థికి గనుల్లో ఒంటరి పని తగ్గించి, సత్రంలో నలుగురితో కూర్చునే తీరిక ఇవ్వండి. కోటలో ఒక సత్రం, ఒక గుడి ముందుగానే తెరిచి పెడితే అందరూ అక్కడే కలుస్తారు, స్నేహాలు వాటంతటవే పెరుగుతాయి. మీకు వద్దనిపించినవాణ్ణి మాత్రం దూరపు పనులకు పంపండి. ఇది నూటికి నూరుపాళ్లు పనిచేస్తుందని చెప్పను గానీ, ఫలితం మీవైపు మొగ్గేలా చేస్తుంది.

మా మేయర్ ఇష్టాలన్నీ దొరకని సరుకే. ఎలా వదిలించుకోవాలి?

పదవి నుంచి నేరుగా దించే మీట ఏదీ లేదు. ఎన్నికలు మళ్లీ మళ్లీ జరుగుతుంటాయి కాబట్టి, ఇంకొకరికి స్నేహాలు పెరిగితే మేయర్ మారతాడు. ఈలోపు రెండు పనులు చేయండి. మొదటిది, వాడి జాబితాలో దొరికే వస్తువులకు ముడిసరుకు కాస్త దాచిపెట్టుకోండి. రెండోది, తీర్చలేని మాండేట్ పడితే దాని దెబ్బ తక్కువగా తగిలేలా శిక్షల ఏర్పాటు ముందే మెత్తగా చేసుకోండి: ఖాళీగా ఉన్న గొలుసులు, బలహీనుడైన కాపలా అధికారి ఉంటే చాలు. కొన్నాళ్లు ఓర్చుకుంటే అదే సర్దుకుంటుంది. మేయర్‌ని ఏ నీళ్లలోనో తోసేయడం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

అడిగిన వస్తువులు గోడౌన్ నిండా ఉన్నాయి. అయినా మాండేట్ తీరలేదని చూపిస్తోంది. ఎందుకు?

మాండేట్ జారీ అయిన తర్వాత తయారైనవే లెక్కలోకి వస్తాయి. నిన్న చేసిన యాభై డాళ్లు ఉన్నా, ఈరోజు అడిగిన రెండు డాళ్లకు అవి చెల్లవు. బజారులో కొన్నా చెల్లవు, మీ కోటలోనే తయారవ్వాలి.

మీరు చేయాల్సింది ఇది. నోబుల్స్ స్క్రీన్‌లో మాండేట్ కనపడగానే సరిగ్గా అన్నే వస్తువులకు వర్క్ ఆర్డర్ పెట్టండి, లేదా వర్క్‌షాప్ దగ్గరికే వెళ్లి ఆ పనిని జాబితాలో అన్నిటికంటే పైకి ఎక్కించండి. చాలాసార్లు మాండేట్ తప్పేది వస్తువు చేయలేక కాదు, పాత ఆర్డర్ల వెనకాల ఇది క్యూలో ఇరుక్కుపోవడం వల్ల. తయారయ్యాక ఆ వస్తువులు మీ ఇష్టం, అవసరం లేని లోహపు సామాను మళ్లీ కరిగించుకుంటే కొంత లోహం వెనక్కి వస్తుంది.

గాజు సామాను చేయమంటున్నాడు, మా దగ్గర ఇసుకే లేదు. ఏం చేయాలి?

ముందు ఏ గాజో చూడండి. ఆటలో గాజు మూడు రకాలు. ఆకుపచ్చ గాజుకు ఇసుక, ఇంధనం చాలు. పారదర్శక గాజుకు వాటితో పాటు పెర్ల్‌యాష్ (కలప బూడిద నుంచి చేసే పొడి) కావాలి. స్ఫటిక గాజుకైతే గనిలో రాక్ క్రిస్టల్ దొరకాలి. కొలిమి లావా మీద కట్టుకుంటే ఇంధనం అక్కర్లేదు.

మీ స్థలంలో మట్టి పొరలన్నీ ఒకసారి పరిశీలించండి, ఎక్కడో ఒక మూల ఇసుక పొర ఉండొచ్చు. నిజంగానే లేకపోతే ఈ మాండేట్ మీద ఆశ వదిలేసుకోండి. గడువు తీరేదాకా మిగతా పనులు చూసుకుని, శిక్ష పడబోయే వాడికి జైలు, తిండి, నీళ్లు సిద్ధంగా ఉంచండి. వచ్చే ఎన్నికల్లో గాజు ఇష్టం లేనివాడు గెలిచేలా అప్పుడే పావులు కదపడం మొదలుపెట్టండి.

ముందుచూపుంటే ఇంత నిస్సహాయత ఉండదు. శరదృతువులో మీ రాజ్యపు వ్యాపార బండ్లతో పాటు వచ్చే లైజన్ (రాజ్య ప్రతినిధి) వచ్చే ఏడాదికి ఏం తెమ్మంటారని అడుగుతాడు. మీ దగ్గర దొరకని ఇసుక, లోహపు కడ్డీలు అప్పుడు అడిగి పెట్టుకోండి. తెచ్చిన కడ్డీతో మీ కమ్మరి చేసిన వస్తువు మాండేట్‌కి చెల్లుతుంది.

ఎగుమతి నిషేధం ఉందని మర్చిపోయి అమ్మేశాను. ఇలా జరక్కుండా ఏం చేయాలి?

ఇది ఎక్కువమంది ఇరుక్కునే చోటు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. రాతి క్రాఫ్ట్స్ చేయమని పనివాడికి చెబితే వాడు బొమ్మలు, ఉంగరాలు, చెవిపోగులు, తాయెత్తులు, కడియాలు, కిరీటాలు, రాజదండాలు కలగలిపి చేస్తాడు. అవన్నీ ఒకే పెట్టెలో చేరతాయి. మేయర్ ఉంగరాల ఎగుమతి మాత్రమే ఆపాడనుకోండి. మీరు అమ్మకాలు జరిగే డిపోలో పెట్టెకి పెట్టె టిక్ కొడితే అందులో అడుగున ఉన్న రెండు ఉంగరాలు కూడా బయటికి పోతాయి, నేరం నమోదవుతుంది.

కాబట్టి నిషేధం ఉన్న కాలంలో పెట్టెలు మొత్తంగా అమ్మకండి, విప్పి ఒక్కో వస్తువూ ఎంచండి. అంత ఓపిక లేకపోతే ఆ ఒక్క ఏడాదికి అమ్మకపు సరుకే మార్చేయండి. రాతి మగ్గులు, వండిన భోజనాలు, రంగు వేసిన బట్ట, వీటిలో ఏదైనా సరే. బండ్లు ఎప్పుడొస్తాయో తెలిసిందే: ఎల్ఫ్‌లు వసంతంలో, మనుషులు వేసవిలో, డ్వార్ఫ్‌లు శరదృతువులో. డిపోకి సరుకు మోయించే ముందు నోబుల్స్ స్క్రీన్ తెరిచి చూసే అలవాటు చేసుకుంటే ఈ గొడవ దాదాపు ఉండదు.

ఇంకా ముందుచూపు కావాలంటే, మీ కోట ఏం అమ్మి బతుకుతోందో ఆ వస్తువు ఇష్టపడేవాణ్ణి పదవి దరిదాపులకు రానివ్వకండి. క్రాఫ్ట్స్ అమ్మే కోటకి తాయెత్తులంటే పడిచచ్చే మేయర్ వస్తే ప్రతి ఏడూ ఇదే గోల.

## గదులూ సామానూ

మేయర్ గదికి 500 విలువ కావాలి. గది ఎంత పెద్దగా తవ్వినా రావట్లేదు. ఎలా?

గది వైశాల్యం మీద ఆధారపడకండి, లోపల పెట్టే సామాను మీద దృష్టి పెట్టండి. విలువ లెక్క ఇలా ఉంటుంది: వస్తువు మూల విలువని పదార్థం విలువతోనూ, పనితనంతోనూ గుణిస్తారు. విగ్రహం మూల విలువ 25, మంచం, కుర్చీ, బల్ల లాంటి మామూలు ఫర్నిచర్ మూల విలువ 10. పదార్థంలో మామూలు రాయికి 1, పాలరాయికి 2, వెండికి, ఇనుముకి 10, బంగారానికి 30. పనితనం మామూలుదైతే 1, అద్భుతమైన మాస్టర్‌వర్క్ అయితే 12.

ఇప్పుడు లెక్క వేయండి. ఏ గొప్పతనమూ లేని ఒక బంగారు విగ్రహం 25 సార్లు 30, అంటే 750. ఆ ఒక్క విగ్రహంతోనే మేయర్ పడగ్గది గట్టెక్కుతుంది. బంగారం లేదా? మంచి శిల్పి చేతిలో పాలరాతి మాస్టర్‌వర్క్ విగ్రహం 600. మామూలు రాయి మాస్టర్‌వర్క్ అయితే ఒక్కోటి 300, రెండు పెడితే చాలు. వీటికి తోడు గోడలు, నేల నునుపు చేయించి, చేయి తిరిగినవాడితో చెక్కించండి. మూడు గడుల చదరపు గది కూడా దర్జాగా తయారవుతుంది. పడగ్గది, ఆఫీసు, భోజనాల గది మూడింటికీ విడివిడిగా విలువ కావాలని మాత్రం గుర్తుంచుకోండి. సామాను గీసిన జోన్ లోపలే ఉండాలి, తలుపు బయట పెట్టిన విగ్రహం లెక్కలోకి రాదు.

గది బాగానే ఉంది. అయినా నోబుల్ కుళ్లుకుంటున్నాడు. కారణం?

రెండు చోట్ల చూడండి. ఒకటి, విలువ కాకుండా సామాను లెక్క కూడా ఉంటుంది. పెట్టెలు, బీరువా, ఆయుధాల స్టాండు, కవచాల స్టాండు అడుగుతారు. నోబుల్స్ స్క్రీన్‌లో ఏది లోపించిందో కనపడుతుంది. రెండోది, హోదాలో తనకంటే తక్కువవాడి గది తనదానికంటే గొప్పగా ఉంటే నోబుల్‌కి ఒళ్లు మండుతుంది. ఆర్టిఫాక్ట్ (ఒక్కటే ఉండే అపురూప వస్తువు) విలువని 120తో గుణిస్తారు, కాబట్టి ఒక మామూలు డ్వార్ఫ్ గదిలో అలాంటి కుర్చీ ఒకటి పెట్టారంటే వాడు మేయర్‌ని మించిపోతాడు. దాన్ని తీసి నోబుల్ గదిలో పెట్టండి, రెండు సమస్యలూ ఒక్కసారే పోతాయి.

డిమాండ్ చేసిన వస్తువు చేయడం కుదరదు. వదిలేయొచ్చా?

వదిలేయొచ్చు. దానివల్ల ఇంకెవరికీ శిక్ష పడదు. ఆ నోబుల్‌కి దిగులు పెరక్కుండా మంచి తిండి, రకరకాల తాగుడు, గుడి, స్నేహితులు ఉండేలా చూడండి. మిగతా జీవితం బాగుంటే ఒక తీరని కోరిక ఎవర్నీ పిచ్చివాళ్లను చేయదు.

## నేరాలూ శిక్షలూ

మాండేట్ తీరకపోతే నోబుల్‌కి కాకుండా పనివాడికి శిక్షేంటి? అన్యాయం కదా!

అన్యాయమే. ఆటలో నోబుల్ వ్యవస్థ అలాగే రాశారు: హుకుం పైనుంచి వస్తుంది, దెబ్బ కింద తగులుతుంది. సంబంధమే లేనివాడు బలికావడం చూస్తే ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది. మీరు చేయగలిగింది శిక్ష తీవ్రత తగ్గించడం. జైలు శిక్షకి గొలుసులో పంజరాలో ఖాళీ లేకపోతే ఆ శిక్ష కాస్తా దెబ్బలుగా మారుతుంది, దెబ్బలకు ప్రాణం పోయే ప్రమాదం ఉంది. అందుకే జైలు జోన్ గీసి, సరిపడా గొలుసులు బిగించి ఉంచండి. ఆ గదిలో మంచి విగ్రహాలు పెట్టి, గోడలు చెక్కించి, తిండీ నీళ్లూ అందేలా చూస్తే ఖైదీ ఏ గాయమూ లేకుండా, మరీ కుంగిపోకుండా బయటికి వస్తాడు.

శిక్షలు అమలు చేసే అధికారి షెరీఫ్‌నే నియమించకపోతే?

శిక్ష అమలు చేసేవాడు లేకపోతే శిక్షా ఉండదు. మొదటి కొన్నేళ్లు ఇలా లాగించేవాళ్లు చాలామందే ఉన్నారు, చిన్న కోటకి ఇది తప్పుడు నిర్ణయమేమీ కాదు. నష్టం కూడా ఉంది. అసలైన దొంగలు, హంతకులు కూడా తప్పించుకుంటారు, బాధితులకు న్యాయం జరగలేదన్న అసంతృప్తి పేరుకుంటుంది. జనాభా పెరిగి, బయటి మనుషుల రాకపోకలు ఎక్కువయ్యాక నియమించడమే మంచిది.

కోట పెరిగాక షెరీఫ్ స్థానంలో వచ్చే కెప్టెన్ ఆఫ్ ద గార్డ్‌గా ఎవర్ని పెట్టాలి?

కోటలో అందరికంటే బలహీనుణ్ణి. వినడానికి విచిత్రంగా ఉన్నా ఇదే సరైన పద్ధతి. దెబ్బలు కొట్టేది ఈ అధికారే. కండలు తిరిగిన గొడ్డలి యోధుణ్ణి పెడితే బకెట్ చేయనందుకు వడ్రంగి ఎముకలు విరుగుతాయి. పోరాట నైపుణ్యం లేని, నాజూకైనవాణ్ణి, చేతిలో ఆయుధం లేకుండా ఉంచండి. అదే శిక్ష నాలుగు గాట్లతో పోతుంది.

## బ్యారన్ నుంచి రాజు దాకా

బ్యారన్ పదవి ఎవరికి ఇవ్వాలి?

మొత్తం ఆటలో నోబుల్స్ విషయంలో మీకు దక్కే అతి ముఖ్యమైన నిర్ణయం ఇదే. జనాభా 20, సృష్టించిన సంపద 1,00,000, ఎగుమతులు 10,000 దాటాక లైజన్ వచ్చి మీ స్థలాన్ని బ్యారనీ చేస్తామని, ఒకరి పేరు చెప్పమని అడుగుతాడు. ఇక్కడ ఎన్నిక లేదు, పేరు చెప్పేది మీరే. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు, మీ స్థలం కౌంటీ, డచీగా ఎదిగినప్పుడు ఆ హోదాకి తగ్గట్టు కోరికలూ పెరుగుతాయి.

ఆ రోజు హడావిడిగా ఎవరో ఒకరి పేరు నొక్కేయకండి. అభ్యర్థిని ఆరునెలల ముందే చూసి పెట్టుకోండి. నేను చూసే క్రమం ఇది. ముందు లోహం: మీ గనిలో పుష్కలంగా ఉన్నదేనా? తర్వాత వస్తువులు: మీ కోటకి ఎలాగూ అవసరమైనవేనా? యుద్ధ గొడ్డళ్లు, కవచాలు ఇష్టపడే బ్యారన్ దొరికితే అదృష్టమే, వాడి మాండేట్లే మీ సైన్యానికి ఆయుధాలు సమకూరుస్తాయి. మీరు బయటికి అమ్మే సరుకు వాడి ఇష్టాల్లో ఉండకూడదు. గాజు, అడమంటైన్ (చాలా అరుదైన లోహం) లాంటివి జాబితాలో కనపడితే వాడు ఎంత మంచివాడైనా పక్కన పెట్టండి. చివరగా పెళ్లి, పిల్లల సంగతి చూడండి. బ్యారన్ పదవి వారసత్వంగా పోతుంది కాబట్టి రేపు వారసుడయ్యే బిడ్డ ఇష్టాలు కూడా చదవాలి.

బ్యారన్ వద్దని చెప్పేయొచ్చా?

చెప్పొచ్చు. పదవి తిరస్కరించినందుకు కోటకి శిక్షేమీ లేదు. మొదటి కోట ఆడుతున్నవాళ్లకు నేనిచ్చే సలహా కూడా అదే: మేయర్‌తో ఏడాది రెండేళ్లు అలవాటు పడ్డాకే బ్యారన్‌ని ఒప్పుకోండి. అయితే పైమెట్టు హోదాలు, చివరికి రాజు మీ కోటలో కొలువుండటం కావాలంటే ఈ మెట్టు ఎక్కక తప్పదు.

సతాయించే నోబుల్‌ని చంపేస్తే పోదా? అందరూ అదే చెబుతున్నారు.

వంతెన కింద నలిపేయడం, గదిలో లావా నింపడం లాంటి కథలు ఈ ఆట చుట్టూ చాలా తిరుగుతాయి. చదవడానికి సరదాగా ఉంటాయి గానీ, ఉపాయంగా ఇది నాసిరకం. మేయర్ పోతే మళ్లీ ఎన్నిక, వచ్చేవాడి ఇష్టాలు ఇంకా ఘోరంగా ఉండొచ్చు. బ్యారన్ పోతే పదవి వారసుడికి వెళ్తుంది, వాణ్ణి మీరు ఎంచుకోలేరు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. పైగా చనిపోయినవాడి భార్య, పిల్లలు, స్నేహితులు కుంగిపోతారు. మేయర్‌కి కోటలో అందరికంటే ఎక్కువమంది స్నేహితులుంటారు, అందుకే గెలిచాడు. వాణ్ణి చంపడమంటే కోట మొత్తాన్ని ఏడిపించడమే. ఒక బకెట్ మాండేట్ తప్పించుకోవడానికి ఇంత మూల్యం ఎందుకు?

రాజు వస్తే కోట తట్టుకుంటుందా?

ముందే తయారైతే తట్టుకుంటుంది. రాజు గదులు రాజరికపు స్థాయిలో, అంటే ఒక్కోటి 10,000 విలువతో ఉండాలి. సమాధి కూడా అందులో భాగమే. మాస్టర్‌వర్క్ బంగారు విగ్రహం ఒక్కటే 25 సార్లు 30 సార్లు 12, అంటే 9,000. అలాంటి విగ్రహం, కాస్త మంచి ఫర్నిచర్, చెక్కిన గోడలు కలిస్తే ఒక గది పూర్తయినట్టే. ఇలాంటివి నాలుగు కావాలి. పేరున్న శిల్పి, బంగారపు గని రెండూ ఉన్నప్పుడే ఆ దిశగా వెళ్లండి.

## ఫైళ్లు మార్చి నోబుల్స్‌ని మెత్తబరచడం

ఆట ఫైళ్లలో ఎక్కడ, ఏది మార్చాలి?

నోబుల్ పదవుల వివరాలన్నీ మామూలు టెక్స్ట్ ఫైల్లోనే ఉంటాయి, ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. స్టీమ్ వెర్షన్లో డేటా ఫోల్డర్ లోపల వెనిల్లా, అందులో వెనిల్లా ఎంటిటీస్, అందులో ఆబ్జెక్ట్స్, అక్కడ ఎంటిటీ డిఫాల్ట్ అనే ఫైల్. డ్వార్ఫ్‌ల నాగరికత అందులో మౌంటెన్ పేరుతో ఉంటుంది. దాని కింద పొజిషన్ అనే ట్యాగ్‌తో మేయర్, బ్యారన్ లాంటి పదవులు ఒక్కోటీ మొదలవుతాయి. ట్యాగులన్నీ చదరపు బ్రాకెట్లలో, ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో ఉంటాయి.

మీకు కావలసినవి ఇవి. మాండేట్ మ్యాక్స్: ఆ పదవిలో ఉన్నవాడు ఒకేసారి ఎన్ని మాండేట్లు పెట్టుకోవచ్చో. డిమాండ్ మ్యాక్స్: ఎన్ని డిమాండ్లో. రిక్వైర్డ్ బెడ్‌రూమ్, రిక్వైర్డ్ ఆఫీస్, రిక్వైర్డ్ డైనింగ్, రిక్వైర్డ్ టూంబ్: గదుల కనీస విలువలు. రిక్వైర్డ్ బాక్సెస్, క్యాబినెట్స్, ర్యాక్స్, స్టాండ్స్: సామాను లెక్క. ప్రతి ట్యాగ్‌లో కోలన్ తర్వాత ఉన్న అంకె తగ్గిస్తే కోరిక తగ్గుతుంది.

అసలు ఫైల్‌ని నేరుగా గెలక్కండి. ఆట అప్‌డేట్ అయితే మీ మార్పులు కొట్టుకుపోతాయి. ఆ ఫోల్డర్ మొత్తం మోడ్స్ (ఆటకి చేసుకునే సొంత మార్పులు) ఫోల్డర్‌లోకి కాపీ చేసి, అందులోని ఇన్ఫో ఫైల్లో ఐడీ, పేరు మార్చి, కాపీలో దిద్దండి. కొత్త ప్రపంచం సృష్టించే ముందు మోడ్స్ జాబితాలో వెనిల్లా ఎంటిటీస్ తీసేసి, దాని స్థానంలో మీది పెట్టండి.

ఇప్పటికే నడుస్తున్న కోటకి ఈ మార్పు వర్తిస్తుందా?

వర్తిస్తుందని ఆశ పెట్టుకోకండి. పదవుల వివరాలు ప్రపంచం పుట్టేటప్పుడే ప్రతి రాజ్యంలోనూ నిలిచిపోతాయి. ఫైల్ మార్చాక కొత్త ప్రపంచం సృష్టించి, అందులో కొత్త కోట మొదలుపెట్టండి. పాత కోట మీద ప్రేమ ఉంటే దాన్ని అలాగే కొనసాగించి, దానికి నోబుల్ ఎంపిక, శిక్షల ఏర్పాటు లాంటి ఆటలోని పద్ధతులే వాడండి.

అన్నీ సున్నా చేసేస్తే హాయి కదా?

చేయొచ్చు, ఆట నడుస్తుంది. నేను మాత్రం వద్దంటాను. మాండేట్లు పూర్తిగా పోతే మేయర్‌కీ మిగతా డ్వార్ఫ్‌లకీ తేడా ఉండదు, న్యాయ వ్యవస్థకి పని తగ్గుతుంది, మధ్య దశలో కోటకి ఉండే ఒత్తిడి చాలావరకు పోతుంది. అన్ని పదవులకూ మాండేట్ మ్యాక్స్ 1 చేయండి. గదుల విలువలు సగానికి దించండి, సామాను లెక్క అలాగే ఉంచండి. అప్పుడు నోబుల్ అడుగుతాడు, కానీ ఒకసారికి ఒక్కటే అడుగుతాడు. మీకు ఊపిరి పీల్చుకునే సమయం ఉంటుంది, వాడి దర్జా వాడికీ ఉంటుంది. ఇలా ఆడి చూశాక కూడా విసుగనిపిస్తే అప్పుడు సున్నా పెట్టుకోండి.

ఇష్టాల్నే మార్చేయడం కుదరదా?

డీఎఫ్‌హ్యాక్ అనే సాధనంతో కుదురుతుంది. డ్వార్ఫ్‌ల ఇష్టాలు మార్చే స్క్రిప్టులు అందులో ఉన్నాయి, నడుస్తున్న కోటలోనే పనిచేస్తాయి. సాధనం వెర్షన్ ఆట వెర్షన్‌తో సరిపోవాలి, లేకపోతే మొదలే కాదు. వాడే ముందు సేవ్ ఫోల్డర్ కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి. రాక్ క్రిస్టల్ దొరకని కోటలో స్ఫటిక గాజు ఇష్టపడే బ్యారన్‌ని బాగుచేయడానికి ఇది న్యాయమైన వాడకమే అని నా ఉద్దేశం. ప్రతి నోబుల్‌నీ ఒకే అచ్చులో పోస్తే మాత్రం ఎవరికి వాళ్లకి ఉండే తీరు పోయి కోట చప్పబడుతుంది.

రిమ్‌వరల్డ్ అనే ఇంకో ఆటకి వచ్చిన రాయల్టీ విస్తరణలో కూడా ఇదే పద్ధతి పనిచేస్తుందా?

మూలసూత్రం అదే: బిరుదు ఎవరికి ఇస్తున్నారో ముందు చూడండి. 2020 ఫిబ్రవరిలో వచ్చిన ఆ విస్తరణలో బిరుదు పెరిగేకొద్దీ సింహాసనపు గది, మంచి పడగ్గది కావాలి. కానీ అత్యాశ, అసూయ, కటువుతనం లాంటి లక్షణాలు ఉన్నవాళ్లు బిరుదు రాగానే గర్విష్ఠులై, కొన్ని పనులు మేం చేయమని భీష్మించుకుంటారు. ఆ లక్షణాలు లేనివాళ్లకి బిరుదు ఇస్తే వాళ్లు మునుపటిలాగే పనిచేసుకుంటారు. మీ దగ్గర ఉన్న ఒకే ఒక్క మంచి వంటవాడు అత్యాశపరుడైతే వాడికి బిరుదు ఇవ్వకండి.